ముందు బ్రేకు

అన్నా,

తెలంగాణ సమ్మెతో బస్సులన్నీ ఆగిపోయాయి. కోనరావుపేట ఆసుపత్రిలో డ్యూటీకి రేపటి నుంచి నీ బండి మీదే పోవాలి. అందుకే ఈ పొద్దున నీ దోస్తు రఫీ, సిరిసిల్ల బయట ఖాళీ రోడ్డు మీద నాకు బ్రేకు వేయడం నేర్పాడు.

ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతామని నువ్వు దాని కేబుల్ వదులు చేయించావు కదా. రఫీ దాన్ని బిగించాడు. లివర్‌ను గట్టిగా పట్టుకున్నాను.

"ఒక్కపాలి గుంజకు చెల్లె, మెల్లగ పిండు. ఎనక బ్రేకు గూడ తొక్కు. గా చెప్పును రాయనుకో" అన్నాడు, తన చెప్పు రోడ్డు మీద పెట్టి.

రాయి అనగానే నువ్వు పోయిన సాయంత్రం గుర్తొచ్చింది. రాస్తారోకో రాళ్లు చూసి ఆ సాయంత్రం నువ్వు వెనక బ్రేకే తొక్కావు. నీ టైరు గీత ఆ రాళ్ల దాకా ఉంది.

కళ్లు మూసుకోకుండా రెండు బ్రేకులూ వేశాను. బండి ఊగింది, పడలేదు. చెప్పుకూ చక్రానికీ మధ్య నువ్వు పడుకునేంత జాగా మిగిలింది. రఫీ వచ్చి తన చెప్పు తొడుక్కున్నాడు.

ఇది ఆగే బండే, అన్నా.