పాటలో లేని ఆయాసం

మార్చి 18, బుధవారం. నంద్యాల.

కందిపప్పు ఎండబెట్టి డబ్బాకెత్తాను. దుప్పట్లు రెండు ఉతికాను. అమ్మ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడం ముగిసింది.

చర్చిలో అమ్మ పాడిన పాట అది. ఆళ్లగడ్డలో ఉన్న చెల్లెలికి పంపుతానని అమ్మ పోయిన నాడే మాటిచ్చాను. ఫోన్‌లో తొందరగా వెళ్లాలని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు గరగర అంతా తీసేసి, అన్నిటికన్నా చిన్న ఎంపీత్రీగా చేసి పొద్దున పంపాను.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ యాడా ఊపిరి తీసుకోకుండా పాడతాందే. ఆ ఆయాసమంతా ఏం చేసినావ్?"

మళ్లీ విన్నాను. నిజమే. చరణానికీ చరణానికీ మధ్య అమ్మకు వచ్చే పిల్లికూతలు లేవు. గరగరతో పాటు వాటినీ ఏరేశాను.

"పాటలో లేదు గానీ, ఈడ అమ్మ మంచం కాడ వినపడతాంది. పొద్దున్నుంచీ" అంది.

"ఫ్యానేమో చూడుమే."

"కరెంటే లేదు గదక్కా."

ఈసారి ఏమీ ఏరకుండా, కుదించకుండా, క్యాసెట్టులో ఉన్నది ఉన్నట్టు పంపాను. వెళ్లడానికి గంట పట్టింది. అంతసేపూ ఇక్కడ ఫ్యాను ఆపి కూర్చున్నాను, ఎందుకో.

ఏడున్నరకు చెల్లెలు మళ్లీ చేసింది. "ఇప్పుడు పాటలో ఉందక్కా. మంచం కాడ లేదు."

చెల్లెలికి బాకీపడ్డ అమ్మ పాట: చెల్లు.