గడియారం మూత లోపలి గీతలు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఆగిపోయిన నీ జేబు గడియారాన్ని హనుమకొండ చౌరస్తాలో ఖాదర్ సాబ్ బాగుచేసి ఇచ్చాడు.

"లండన్‌ది అంటివి గదమ్మా, కాదు. స్విస్ మాల్. జర ఈ అద్దంల చూడు," అన్నాడు. లోపల ఏ, ఆర్ అన్న అక్షరాలున్నాయి. వేగం పెంచడానికి, తగ్గించడానికి ఫ్రెంచి మాటల గుర్తులవి. మన దుకాణానికొచ్చిన వాళ్లందరికీ నువ్వు లండన్ అనే చెప్పేవాడివి. నవ్వొచ్చింది.

తర్వాత మూత లోపల సన్నటి గీతలు చూపించాడు. బాగుచేసినవాళ్లు తమ గుర్తూ సంవత్సరమూ అక్కడ గీకిపెడతారట.

"ఒకపారి కింద పడ్డది. ఇరుసు ఇరిగితే కొత్తది ఏసిండ్రు. గా పడేసినోళ్లెవరో దొరికిన్రా మరి?"

"నేనే సాబ్," అన్నాను.

ఆ గీతల్లో ఉన్న సంవత్సరం నాకు తొమ్మిదేళ్లు. చక్రాలు చూద్దామని మూత తీయబోయి బండమీద పడేశాను, గప్‌చుప్‌గా నీ అంగీ జేబులో పెట్టేశాను. మర్నాడు గడియారమేదని అమ్మ అడిగితే, నెక్కొండ మామ ఊరికి తీసుకపోయిండన్నావు. వారానికి అది టిక్కుటిక్కుమంటూ తిరిగొచ్చింది. పగల్లేదనుకుని బతికిపోయాను. ఆ పొద్దున్నే నన్ను పిలిచి నా చేతిలో పెట్టావు.

"ఇగ రోజూ చాబీ నువ్వే ఇయ్యాలె బిడ్డా."

నేను చేసింది నీకు తెలియదు కాబట్టే నామీద అంత నమ్మకమనుకున్నాను. మద్రాసు కాలేజీకి పంపిననాడూ నాకదే అనుమానం, తెలిసుంటే పంపేవాడివా అని.

తెలిసే నా చేతికిచ్చావు నాయినా.

నీ బిడ్డ