కాదు, లేదు, వద్దు

మార్చి 3
రాయకూడదనే అనుకున్నాను. రేడియోలు బాగుచేసేవాడి డైరీ ఎవడిక్కావాలి? పైగా నా రాత సోల్డరు సీసం కారినట్టుంటుంది. కానీ అక్కను చూసి వచ్చి షాపులో బల్ల ముందు కూర్చుంటే చెయ్యి ఊరుకోలేదు.

అక్కకు పక్షవాతం. మాట పోయింది. ఒళ్ళు పడిపోయింది, కుడిచేతి వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. బుర్ర నిక్షేపంగా ఉంది. అదే ఘోరం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితమంతా ఊరందరి మాటలూ కలిపిన మనిషి. ఆమె నోరు తెరిస్తే నాలాంటివాళ్ళు నలుగురు మూసుకోవాల్సిందే. ఇప్పుడు బావ ఆమె మొహంలో మొహం పెట్టి, నొప్పా, దాహమా, దుప్పటి కావాలా అని అడుగుతాడు. ఆమె రెప్పలార్పుతుంది. ఎన్నిసార్లు ఆర్పిందో ఈయన మర్చిపోతాడు. మళ్ళీ మొదటికొస్తాడు.

ఒక పెట్టె చేస్తాను.

మార్చి 6
ఇంగ్లీషు పత్రికలో సర్క్యూట్ దొరికింది. రెండు బటన్లు, మాట రికార్డయ్యే చిప్పు, చిన్న స్పీకరు. ఒకటి నొక్కితే ఎస్, రెండోది నొక్కితే నో.

నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. పని నేర్చుకునే రోజుల్లో 'కరెంట్ అఫైర్స్' అనే పుస్తకం కొన్నాను, కరెంటు గురించేననుకుని. మొత్తం చదివాను. ఏ దేశానికి ఎవరు ప్రధానో తెలిసింది గానీ ఇంట్లో ఫ్యాను తిరగలేదు. అక్క ఈ కథ నలుగురిలో చెప్పి నవ్వించేది. ఫోన్ చేసినా, ఏరా కరెంట్ అఫైర్స్ అనే పిలిచేది.

అవును, కాదు అని నా గొంతుతోనే రికార్డు చేశాను. ఇంకెవరి గొంతు తేను?

మార్చి 9
పెట్టె అక్క చేతి కింద పెట్టాం. నొక్కింది. దుప్పటి మీంచి నా బొంగురు గొంతు 'అవును' అంది. బావ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఇన్నేళ్ళ కాపురంలో మీ అక్క దగ్గర ఈ మాట వినడం ఇదే మొదలురా, అదీ మీసాలున్న గొంతుతో అన్నాడు. అక్క వేళ్ళు వణికాయి. నవ్వే అనుకుంటాను.

మార్చి 11
తప్పు చేశాను.

పొద్దున బావ, నొప్పేం లేదు కదా అని అడిగాడట. ఆమె 'కాదు' నొక్కింది. లేదంటోంది కాబోలని ఈయన నిశ్చింతగా పేపరు చదువుకున్నాడు. ఆమె చెప్పింది వేరు: నువ్వన్నది నిజం కాదు, నొప్పి ఉంది అని. వంకర పడిన భుజం మీద సాయంత్రం దాకా అలాగే పడి ఉంది. నేను వెళ్ళేసరికి కళ్ళలోంచి కారిన నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి.

ఇంగ్లీషువాడికి ఒక్క నో చాలు. మనకు చాలదు. కాదు వేరు, లేదు వేరు, వద్దు వేరు. మాటలు నేర్చిన నాటి నుంచీ మూడూ వాడుతున్నవాణ్ణి, పత్రికలో బొమ్మ ఉందని కళ్ళు మూసుకుని దించేశాను.

మార్చి 13
నాలుగు బటన్లు. అవును ఒకటి, కానివి మూడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఇదే లెక్క అన్నాడు బావ.

మార్చి 20
'వద్దు' అరిగిపోయేలా ఉంది. టీవీ సీరియల్ వద్దు. ఫిజియో ఆయన జోకులు వద్దు. నేను పాటెత్తుకున్నాను, పల్లవి పూర్తికాలేదు, వద్దు. మంచం మీదే ఉండి మళ్ళీ ఇల్లు ఏలుతోంది. బావ మొహం వెలిగిపోతోంది. తిట్టించుకుని ఎన్నాళ్ళయిందిరా అన్నాడు.

ఏప్రిల్ 2
అక్కకు మింగుడు పడటం లేదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. పొట్టలోకి గొట్టం వెయ్యాలంది డాక్టరమ్మ. వేస్తే కొన్ని నెలలు ఉంటారు, లేచి తిరగడం మాత్రం ఉండదు, వెయ్యకపోతే ఎక్కువ రోజులు ఉండరు అంది. బావకు చెప్పి ఊరుకోకుండా మంచం మీదికి వంగి, వేయించుకుంటారా అమ్మా అని అక్కనే అడిగింది.

నా గొంతు 'వద్దు' అంది.

బావ గిరుక్కున నా వైపు తిరిగాడు. నేను పెదవి కదపలేదు.

ఏప్రిల్ 3
బటన్ ఇరుక్కుపోయిందన్నాడు బావ. మీటరు పెట్టి చూశాను. ఇరుక్కోలేదు.

మధ్యాహ్నం షాపుకొచ్చాడు. స్టూలు లాగితే కూర్చోలేదు. ఆ 'వద్దు' తీగ ఒక్కటీ కత్తిరించెయ్యరా, నీకు దణ్ణం పెడతాను అన్నాడు. నా పెళ్ళాన్ని పొమ్మని నువ్వే అంటున్నట్టుంది, ఆ గొంతు నీదేగా అన్నాడు. 

తీగ కత్తిరించడం చిటికెలో పని. కత్తిరిస్తే అక్క ఉంటుంది. నాక్కావాల్సిందీ అదే.

ఏప్రిల్ 4
కటింగ్ ప్లేయర్ జేబులో వేసుకునే వెళ్ళాను. ముందు అడుగుదామనిపించింది. బావ మంచం పక్కనే నిలబడ్డాడు.

ఇదంతా బావ మీద కోపమా అక్కా అన్నాను. కాదు.
భయంగా ఉందా అన్నాను. లేదు.
గొట్టం అన్నాను. వద్దు.
వద్దంటే ఏమవుతుందో తెలుసా అన్నాను.
అవును.

ఒక్క వేలూ తడబడలేదు. జేబులోంచి ప్లేయర్ తియ్యలేదు.

ఆ మాట నీ గొంతులో వినలేనురా, నాది పెట్టు అన్నాడు బావ. మైకు అందించాను. అవును, కాదు, లేదు ఒక్క ఊపులో చెప్పేశాడు. నాలుగోది రాలేదు. మంచినీళ్ళు తాగాడు. అయినా రాలేదు. అక్క వేళ్ళు దుప్పటి మీద కదిలితే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే చెప్పాడు.

ఏప్రిల్ 6
డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. పెట్టెలోంచి బావ గొంతు జవాబిచ్చింది. బావ తల ఊపాడు.

ఏప్రిల్ 17
ఉదయం అక్క పోయింది.

మే 6
బావ షాపుకొచ్చాడు. నా బల్ల మీదికి తిరిగొచ్చిన అక్క పెట్టె చూపించి, ఇందులో సెల్లులు టీవీ రిమోట్‌కి పడతాయా అని అడిగాడు. పడతాయన్నాను. రెండు ఊడదీసుకుని వెళ్ళాడు.