సంతకాల పైన ఖాళీ

పోఖరా,
భాదౌ నెల 14.

అన్నయ్య టేక్‌మాన్‌కి ఖిమ్‌కళ నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం, నాన్న మోకాలు ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, నీ గదిలో వాళ్ళూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్లో నాన్న పేరెత్తగానే పెట్టేస్తావు. ఉత్తరం అలా కాదు, చింపాలన్నా ముందు విప్పాలి. మనూరి హుమ్‌లాల్ సెలవైపోయి ఎల్లుండి దోహా వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. ఊళ్ళో ఇంటికి రేకులు వేయించాం. కారడం లేదు గానీ వానొస్తే ఆ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడదు. నాన్నకి అదే సుఖంగా ఉన్నట్టుంది. పెద్ద మేక ఈనింది, రెండూ ఆడపిల్లలే. వదినా పాపా బాగ్లుంగ్‌లో బాగున్నారు, పోయిన నెల చూసొచ్చాను. పాప నీలాగే మొండిఘటం, నా కళ్ళజోడు లాక్కుని ఇవ్వనంటుంది. "ప్రొఫెసరమ్మవి అయ్యావా?" అని అడిగావు. కాలేదు. ఇంటర్వ్యూకి పిలిచారు, నేనే వెళ్ళలేదు. ఎందుకో కింద చెప్తాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "దశైన్ పండక్కి వస్తాను గానీ బాగ్లుంగ్‌లోనే దిగుతాను. ఆ ముసలాయన చేత నుదుట దీవెన టీకా పెట్టించుకోను. మన కొలిమి ఆరిపోయేలా ఎందుకు సంతకం పెట్టాడో అడుగు, సరైన జవాబొస్తే అప్పుడు చూద్దాం" అని రాశావు. అడిగాను. జవాబు వచ్చింది.

అది చెప్పేముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. "మా చెల్లి అడవి మీద పాఠాలు చెప్తుంది" అంటావట అందరితో. అంతే అనుకో. ఊరి అడవిని ఊరే కాపాడుకుంటే నిలుస్తుందా, అందులో ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఇదే నా చదువు. దానికి నేను ఎక్కడికి వెళ్ళినా చూపించే ఉదాహరణ మన థూలోపాఖా అడవి. నార్వేలో నా పీహెచ్‌డీ కూడా దాని మీదే. అందులో ఒక వాక్యం బాగా పేరుపడింది: "బొగ్గు కాల్చరాదన్న తీర్మానానికి కమ్మరి కుటుంబాలతో సహా అరవైమూడు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకుని సంతకాలు చేశారు." నష్టపోయేవాళ్ళే ఒప్పుకున్నారంటే అంతకన్నా ఏం కావాలని ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని ఎత్తి రాసుకున్నారు. నా జీతం, నా పేరు, ఈ పోఖరా ఇల్లు, అన్నీ ఆ వాక్యం మీదే నడిచాయి.

మొన్న చైత్రంలో ప్రతిభ అని నా దగ్గర చదివే అమ్మాయి, నా పుస్తకం చివర అచ్చువేసిన ఫోటో, అడవి సంఘం మినిట్ పుస్తకంలో ఆ తీర్మానం ఉన్న పేజీది, పట్టుకొచ్చింది. "మేడమ్, పైనంతా అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉన్నాయి. కిందికి వచ్చేసరికి ఇంతింత అయిపోయాయేమిటి? చోటు చాలలేదా?" అంది. ఏమీ ఎరగని ప్రశ్న. నేను "పాత పుస్తకం కదా" అని ఏదో అన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజు మరి పాఠం సాగలేదు.

మన వైపు మీటింగు ఎలా జరుగుతుందో నీకు తెలుసు. జనానికి గొడ్లకి గడ్డి కోసుకురావాలని తొందర. అందుకని వచ్చినవాళ్ళ చేత ముందే సంతకాలు పెట్టించుకుంటారు, పైన సగం పేజీ ఖాళీగా వదిలి. తీర్మానం తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. అది మోసమని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు. పంతొమ్మిదేళ్ళ కిందట, ఆ సంతకాల రోజు మీటింగులో మాట్లాడింది కంచె గురించి, కాపలా వంతుల గురించి. బొగ్గు మాటే రాలేదు. అందరూ వెళ్ళాక సంఘం అధ్యక్షుడు గోవర్ధన్ పౌడెల్, చేతిరాత బాగుంటుందని నన్ను ఆపాడు. చెప్తుంటే రాశాను. చివర్లో "కొలిమి బొగ్గు కాల్చడం పూర్తిగా నిషేధం" అన్నాడు.

నా చెయ్యి ఆగింది. "కాకా, ఇది ఎవరూ అనలేదే?" అన్నాను.

"అనకపోతే ఏం? ఈ ముక్క లేకపోతే అడవి ఆఫీసువాళ్ళు అడవి మనకి అప్పజెప్పరు. రాయమ్మా, రాసి నీ కాలేజీ కాగితం ఇలా పట్రా, ముద్ర వేస్తాను."

ఫారెస్ట్ కాలేజీ దరఖాస్తుకి ఆయన ముద్ర కావాలి. మర్నాటితో గడువు సరి. రాశాను అన్నయ్యా. నాన్న సంతకం పైన కాస్తే చోటు మిగిలితే, అక్షరాలు చిన్నవి చేసి అందులోనే ఇరికించాను.

ఆ తర్వాత నువ్వు పౌడెల్ ఇంటికెళ్ళి గొడవ పడితే పేజీ తీసి "మీ నాన్న సంతకం ఇదిగో" అన్నాడు. నువ్వు సంతకమే చూశావు, పైన రాత ఎవరిదో చూడలేదు. "కమ్మరివాడై పుట్టి బొగ్గు వద్దన్నవాడు లోకంలో నువ్వొక్కడివే" అని నాన్నని నలుగురిలో అన్నావు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. పంటకి మేర ఇచ్చే ఇళ్ళన్నీ బజారు కొడవళ్ళకి మళ్ళాయి. రెండేళ్ళకి కొలిమి మూసి నువ్వు దోహా వెళ్ళావు, నేనైతే ఆ ఏడే చదువుకి వెళ్ళాను. పదేళ్ళ తర్వాత అదే పేజీని, ఎవరో రాసినదన్నట్టు, సాక్ష్యంగా పెట్టి డాక్టరునయ్యాను. సిగ్గుగా ఉంది. ఇంతకన్నా పెద్ద మాట నాకు దొరకడం లేదు.

పోయిన శనివారం అడవి పథకం మళ్ళీ రాసే సభ. నేను లేచి ఇదంతా చెప్పాను. పౌడెల్ నవ్వి, "మేడమ్‌కి ఇప్పుడు గుర్తొచ్చిందా, బిరుదులన్నీ అందాక?" అన్నాడు. ఆ మాట నిజమే, అందుకే కూర్చోలేదు. గంటసేపు అరుచుకున్నాక, పడిపోయిన కొమ్మలతో చలికాలం రెండు నెలలు బొగ్గు కాల్చుకోవచ్చని రాశారు. ఈసారి ముందు రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు తీసుకున్నారు. మనకి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు, నాన్న సుత్తి ఎత్తలేడు. ఆ వాక్యమున్న నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకీ, కాలేజీకీ రాసేశాను. ఇంటర్వ్యూకి వెళ్ళనిదీ ఇందుకే. ఏం చేస్తారో వాళ్ళిష్టం.

సభకి ముందురోజే నాన్నకి చెప్పాను. గుంద్రుక్ కూరా సంకటీ తింటున్నాడు. తినడం ఆపలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"ఆ వారమే. బొగ్గుకి అనుమతి చీటీ అడగడానికెళితే పౌడెల్ పుస్తకం చూపించాడు. నీ రాత నాకు తెలీదుటే? కొలిమి గోడ నిండా బొగ్గుముక్కతో రాసి చంపేదానివిగా."

"మరి అన్నయ్య అన్ని మాటలంటుంటే చెప్పవేం నాన్నా? పంతొమ్మిదేళ్ళు!"

కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. "చెప్తే వాడి కోపం నీ మీదికి వచ్చేది. నువ్వు అప్పుడు పద్దెనిమిదేళ్ళదానివి, చదువు మానేసి ఏడుస్తూ కూర్చునేదానివి. నా మీదైతే ఏముంది? వాడు ఎంత కోప్పడినా నేను వాడి తండ్రిని కాకుండా పోతానా?"

అదీ అన్నయ్యా జవాబు. సరైనదో కాదో నువ్వే చూసుకో. ఇన్నేళ్ళూ ఆయనకి పంపిన కోపం నాది. ఇకమీదట నా పేరున పంపు.

ఇట్లు,
నీ కొలిమి ఆర్పిన చెల్లెలు
ఖిమ్‌కళ