మొద్దుకు పూసిన పూలు

పుంగనూరు

ప్రేమా, అందరం బాగుండాము. ఈ పెన్ను నాలుగు అక్షరాలు రాసి నిద్రపోతాండాది, అచ్చం మా అల్లుడి మాదిరే.

మీ అమ్మ సోమల నుంచి తెచ్చి ఇంటెనక నాటిన పేరు తెలీని చెట్టుండాది గదా, ఆకులన్నీ రాలిపోతే ఎండిపోయిందనుకొని మొదలుకంటా నరికేసినా. పాలు కారినా నాకు బుద్ధి రాలా. మీ అమ్మ ఒకటే ఏడుపు. వారం తిరక్కుండానే, గోడవతల పారేసిన ఆ కొమ్మలకే తెల్లపూలు పూసినాయమ్మా! చర్చి తోటమాలి విక్టర్‌కు ఒక పువ్వు సూపిస్తే, "ఇది దేవగన్నేరు గదప్పా, యాల నరికితివి?" అన్నాడు.

పిల్లోళ్లకు దగ్గు తగ్గిందా? మీ వీధిలో నీళ్లు వస్తాండాయా? ఆ నరికిన కొమ్మల్ని చెత్తబండోళ్లు ఎత్తుకపోయినారు, కుప్పంలో యాడన్నా దేవగన్నేరు కొమ్మ దొరికితే తీసుకొని బిరీన రా. మొన్న ఆదివారం మీ అమ్మ చర్చిలో లేచి, "నరికిన మొద్దుకు దేవుడు పూలు పూయించినాడు" అని కండ్లనీళ్లతో సాక్ష్యం చెప్పింది. అందరూ హల్లెలూయ అన్నారు. నేను తల ఎత్తలేదు.

దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల. మీ అమ్మ దారం సూసి నన్ను నాలుగు తిట్టి నవ్వుతాదిలే అనుకొని, ఆ పూలు మొద్దుకు కట్టింది నేనేమ్మా.

మీ నాయన