డాక్టరమ్మ బండికి డిస్కు బ్రేకులు

మదనపల్లె శానిటోరియం,
20 ఆగస్టు 1966

ప్రియమైన నాంచారూ,

డాక్టరమ్మ రాజ్యం గారి తమ్ముడు ఇంగ్లండు నుంచి ఓడలో డిస్కు బ్రేకులు పంపించాడని నువ్వు రాసింది చదివాక నాకు అన్నం సయించలేదు. జబ్బు వల్ల కాదు, సంతోషం పట్టలేక! గుంటూరులో అలాంటి బ్రేకులు బిగించిన షెడ్డు ఒక్కటీ లేదు. ఆవిడ ఆ పని పెద్ద గ్యారేజీకి ఇవ్వకుండా, జిన్నింగు మిల్లు పక్కనున్న మన రేకుల షెడ్డుకు ఇచ్చారంటే, ఆ చిన్న హెరాల్డు కారును నేను చూసుకున్న తీరు అలాంటిది మరి.

ఆవిడకు అవసరం కూడాను. కాన్పులకని పల్లెలన్నీ తిరుగుతారు. వాగు దాటితే చాలు, డ్రమ్ముల్లోకి నీళ్ళు చేరి బ్రేకు పట్టదు. పోయిన వానల్లో మిరపకాయల బండిని గుద్దబోయి తప్పించుకున్నారు. డిస్కు అయితే బయటే ఉంటుంది, చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి నీళ్ళు విదిలించేస్తుంది.

ఈ ఉత్తరం షెడ్డులో మన జోసఫ్‌కు రెండుసార్లు చదివి వినిపించు. డిస్కులు ముందు చక్రాలకే, వెనక డ్రమ్ములు అలాగే ఉంచాలి. నీకు అర్థం కాకపోయినా అక్షరం వదలకుండా చదువు. ఈ పని చెడితే మళ్ళీ మన షెడ్డు ముఖం ఎవరూ చూడరు. అవసరమైతే నేనే లేచి వస్తాను. ఫిబ్రవరి దాకా కదలకూడదనీ, కదిలితే ఊపిరితిత్తుల జబ్బు మళ్ళీ మొదటికొస్తుందనీ ఇక్కడి డాక్టర్లు అంటారు. బ్రేకుల సంగతి వాళ్ళకేం తెలుసు?

నీ
పానకాలు


గుంటూరు,
11 సెప్టెంబరు 1966

ప్రియమైన మీకు నాంచారమ్మ నమస్కారాలు.

మీరు లేచి రావలసిన పనేమీ లేదు. జోసఫ్ డ్రమ్ములు ఊడదీశాడు. కుడి పక్క బోల్టు ఒకటి మూడు రోజులు మొండికేసింది. కిరసనాయిలు పోసి పోసి, పానాకు పొడవాటి గొట్టం తొడిగి, ఆ గొట్టం మీద ఎక్కి కూర్చుంటే గాని కదల్లేదు.

జోసఫ్ రెండు సంగతులు అడగమన్నాడు. ఒకటి, డిస్కు ఒక పక్క ప్యాడ్‌కు రాసుకుంటోంది, రెండో పక్క పేకముక్క పట్టేంత సందు ఉంది. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ వెనక పలచటి రేకు బిళ్ళ వేయవచ్చునా? రెండు, పెడల్ మీంచి కాలు తీసినా బ్రేకు పూర్తిగా వదలడం లేదు. చక్రాన్ని చేత్తో తిప్పితే బరువుగా తిరుగుతోంది. ఎందుకంటారు?

గొట్టాల్లో గాలి తీసేటప్పుడు డాక్టరమ్మ గారే సీట్లో కూర్చుని పెడల్ తొక్కారు. మిల్లు జనమంతా గోడ మీంచి వింతగా చూశారు.

గుడ్లు తింటున్నారా? పక్క మంచం వాళ్ళకు పంచుతున్నారని మీ సంగతి తెలిసినదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఇట్లు,
మీ నాంచారమ్మ


మదనపల్లె,
20 సెప్టెంబరు 1966

ప్రియమైన నాంచారూ,

జోసఫ్ ప్రశ్నలకు ఆశ్చర్యపోయాను. నా దగ్గర తొమ్మిదేళ్ళున్నాడు, ఒక్కనాడూ సందు ఎంతుందో చూసిన పాపాన పోలేదు. నేను లేకపోతే గాని వాడికి బుద్ధి రాలేదన్నమాట. కానీ అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు గొట్టం మీద ఎక్కి కూర్చోవడమేమిటి?

రేకు బిళ్ళ వేయమను. ఇక మాస్టర్ సిలిండర్ చివర చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. అది డ్రమ్ముల కోసం పెట్టింది, వెనక వాటికి అది లేకున్నా నడుస్తుంది, డిస్కులను మాత్రం వదలనివ్వదు. దాన్ని తీసేయమను.

పక్క మంచం రైల్వే గార్డు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ మనిషి గట్టోడండీ!" అన్నాడు. నా ఛాతీ ఉప్పొంగింది, ఆ వెంటనే దగ్గొచ్చింది. గుడ్లు తింటున్నాను.

నీ
పానకాలు


గుంటూరు,
25 అక్టోబరు 1966

ప్రియమైన మీకు,

దాచి లాభం లేదు. విజయదశమి నాడు డాక్టరమ్మ గారు మిల్లు ఆవరణలో కారు నడిపి చూశారు. బ్రేకు తొక్కారు. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగలేదు. తిన్నగా పోయి పత్తి బోరేల్లో దూరింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. జనం పగలబడి నవ్వారు. పెద్ద గ్యారేజీ ఆయన ఎవరు చెబితే వచ్చాడో గాని వచ్చి, "ఈ సీమ బ్రేకులు మనకెందుకమ్మా? నాకు వదిలెయ్యండి, పాత డ్రమ్ములే బిగించిస్తా" అన్నాడు. డాక్టరమ్మ గారు దీపావళి దాకా చూద్దామన్నారు.

తప్పెక్కడ జరిగిందో తెలిసింది. ఆయుధపూజకు పానాలు, సుత్తులు అన్నీ కడిగి ఆముదం పూసి బొట్లు పెడతాం కదా. ఆ ఊపులో జోసఫ్ తళతళలాడుతున్న డిస్కులకు కూడా, తుప్పు పట్టకూడదని నిండుగా ఆముదం రాసి పసుపు కుంకుమ పెట్టాడు. పెట్రోలుతో ఎన్నిసార్లు కడిగినా జిడ్డు వదలడం లేదు. ఏం చెయ్యాలో రాయండి. మీరు మాత్రం కదలకండి.

ఇట్లు,
మీ నాంచారమ్మ


మదనపల్లె,
30 అక్టోబరు 1966

ప్రియమైన నాంచారూ,

ఉత్తరం చదవగానే పెట్టె సర్దుకున్నాను. సర్దుకున్నాక మళ్ళీ చదివాను.

జోసఫ్ బొట్లు పెట్టాడా? ఆదివారం చర్చి మానని జోసఫ్? తొమ్మిదేళ్ళలో మన ఆయుధపూజకు వాడు చేసిందల్లా పులిహోర తినడమే. ఇనపముక్క కనబడితే ఆముదం రాసి బొట్టు పెట్టే చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? గొట్టం మీద ఎక్కి కూర్చున్నదీ నువ్వే. పేకముక్క సందు పట్టుకున్నదీ నువ్వే. నీకు అర్థం కాదని రాసిన నా చేతిని ఏం చేసుకోను?

నాకు కోపం వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ముందు పని సంగతి విను. ఆముదం పెట్రోలుకు లొంగదు, స్పిరిటుకు లొంగుతుంది. డాక్టరమ్మ దగ్గర సీసాలకొద్దీ ఉంటుంది. డిస్కులు దాంతో తుడువు. ప్యాడ్లు విప్పి స్పిరిటులో కడిగి, పైపొర గరుకు కాగితంతో గీకి, ఎండలో పెట్టి బిగించు.

కారు ఆగిందని దీపావళిలోగా నీ చేత్తో రాయి. లేకపోతే ఎవరేమన్నా సరే, వచ్చేస్తాను.

నీ
పానకాలు


గుంటూరు,
9 నవంబరు 1966

ప్రియమైన మీకు,

కారు ఆగింది.

జోసఫ్ జూలైలోనే బస్సు డిపోలో పనికి చేరాడు. షెడ్డులో మగమనిషి లేడని తెలిస్తే మీరు ఆ మంచం మీద ఒక్క పూట ఉంటారా? అందుకే అబద్ధం రాశాను. డాక్టరమ్మ గారికి మొదటి నుంచీ తెలుసు. ఆముదం రాసింది నేనే. ఆ తప్పు వాడి మీద వేసినందుకు ఏమీ అనుకోవద్దని డిపోకు వెళ్ళి చెప్పి వచ్చాను. వాడు నవ్వి, "పోన్లే అక్కా, పులిహోర పంపు" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం డాక్టరమ్మ గారూ నేనూ వాగు దాటాం. నీళ్ళు ఇరుసుల దాకా వచ్చాయి. గట్టెక్కి పది గజాలు పోయామో లేదో, పొగాకు నారు వేసుకొచ్చే బండి ఎడ్లు బెదిరి అడ్డం తిరిగాయి. ఆవిడ బ్రేకు తొక్కారు. కారు అక్కడికక్కడ నిలబడిపోయింది. నా నుదురు అద్దానికి కొట్టుకుని బొప్పి కట్టింది. దాన్ని తడుముకున్నప్పుడల్లా నాకెంత గర్వంగా ఉందో, ఎంత రాసినా మీకు తెలియదు.

పొద్దున పెద్ద గ్యారేజీ ఆయన వచ్చి, కారు కింద దూరి చూసి లేచాడు. "ఎవరమ్మా ఆ ఫిట్టరు? మద్రాసు నుంచి పిలిపించారా?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాను.

సోమవారం పొగాకు కంపెనీ మేనేజరు గారి మోరిస్ కారు వస్తోంది, బ్రేకులు పట్టేస్తున్నాయట. దానికేం చెయ్యాలో మిమ్మల్ని అడగను. మీరు ఆ పెట్టె విప్పి, ఫిబ్రవరి దాకా నిశ్చింతగా పడుకోండి.

ఇట్లు,
మీ మెకానిక్
నాంచారమ్మ