చేయి ఇవ్వాలా, చెంప ఇవ్వాలా

బ్యూనస్ ఐరిస్, ఆదివారం

సతుర్నినా,

మన అమ్మాయి ఇంట్లో నేను బాగానే ఉన్నాను. మోకాలు కూడా నీకంటే ఎక్కువే నా మాట వింటోంది. మీ తమ్ముడు ఎలూతేరియో ఇక్కణ్ణుంచి కొండల్లోని మన ఊరు చేరి నా మీద చాడీలు చెప్పే ఉంటాడు. నా మాట కూడా విను.

ఇక్కడ మగాళ్లు కూడా ఎదురైతే చెంపకు చెంప ఆనించి ముద్దు పెట్టుకుంటారు. మొదట్లో మన వియ్యంకుడు గడ్డం వేసుకుని మీదికొస్తే, పొడవబోయే ఎద్దును చూసినట్టు పక్కకు గెంతేవాణ్ణి. "నాన్నా, ఆయన చిన్నబుచ్చుకుంటున్నాడు" అని మన అమ్మాయి ఏడ్చింది. సరేలెమ్మని చెంప అప్పగించాను.

మొన్న మీ తమ్ముడొచ్చాడు. మన పద్ధతిలో చేయి కలిపి, భుజం తట్టి, మళ్లీ చేయి కలపాలా? నా చేయి లేవనేలేదు, మూతి ముందుకెళ్లింది! వాడు గోడకు అతుక్కుపోయి, "ఓరి బావా, నీకు పట్నం దెయ్యం పట్టింది!" అన్నాడు. నవ్వేశాను. తర్వాత చేయి జాపితే, అదీ కొత్తగానే అనిపించింది. నాకేమైందో నాకే తెలీదు.

మన మందలో నల్ల లామా ఈనిందా? మంచులో ఎండబెట్టిన దుంపలు పంపు, ఇక్కడివి ఉత్త నీళ్లు.

దుంపలు తవ్వే వేళకు వచ్చేస్తాను. బస్సు దిగగానే ఊరంతా ఉంటుంది కదా, అందరికంటే ముందు నువ్వే నిలబడు. నేను చేయి జాపితే అందుకో. మూతి జాపితే ఏం చేస్తావో ఇప్పుడే రాయి, దాన్నిబట్టి గడ్డం గీసుకుని వస్తాను.

మనవలకు దీవెనలు. మీ తమ్ముడికి దణ్ణం, దూరం నుంచే.

నీ మొగుడు,
ఇలారియో